అండమాన్ కంటే ముందు ద్వీపాంతరం

ఫిబ్రవరి 22 వచ్చిందంటే మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు తప్పకుండా పడుతుంది. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీసిన రోజు అది. గుర్తు చేసుకోవడం మంచిదే. ఆ పోస్టులో చివరి లైను మాత్రం ఏటా పంటి కింద రాయిలా తగులుతుంది. ఆయన అనుచరుల్ని అండమాన్ సెల్యులార్ జైలుకి పంపి చిత్రహింసలు పెట్టారని.

ఈసారి ఉండబట్టలేక జవాబు రాశాను. సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. జైలు సంగతి అటుంచినా, 1847లో ఆ దీవుల్లో తెల్లవాళ్ల మకామే లేదు. ఖైదీల్ని దింపడం 1858 మార్చిలో మొదలుపెట్టారు. కాబట్టి నరసింహారెడ్డి మనుషులకి ద్వీపాంతరం, అంటే సముద్రం దాటించి దూరదేశంలో పనిచేయించే శిక్ష పడి ఉంటే, అది అండమాన్ అయ్యే అవకాశం లేదు. ఇంతే రాశాను.

పది నిమిషాల్లో దేశద్రోహినైపోయాను. "అంటే వాళ్లు కష్టాలు పడలేదంటావా?" అని ఒకడు. "తెల్లోళ్లు రాసిన హిస్టరీ చదివితే ఇలాగే ఉంటుంది" అని ఇంకొకడు. అడ్మిన్ "గ్రూపులో పాలిటిక్స్ వద్దు ప్లీజ్" అని చెప్పి ఒక గులాబీ పువ్వు పెట్టాడు. అక్కడితో చర్చ ముగిసింది.

నాకు మాత్రం ముగియలేదు. తేదీ తప్పు రాయడం అసలు సమస్య కాదు. ద్వీపాంతర శిక్ష అనగానే మన కళ్ల ముందుకి ఒకే ఒక్క భవనం, ఒకే రకం మనిషి వస్తున్నారు. ఆ భవనం లేకుండానే ఈ శిక్ష నూట పదేళ్లకు పైగా నడిచింది. ఆ రకం కాని మనుషులు పదుల వేలమంది ఓడలెక్కారు. వాళ్లని తీసేసి చెప్పుకుంటే ఇది త్యాగాల కథ మాత్రమే అవుతుంది. నేను చదివినంతలో, చూసినంతలో, ఇది మొదటినుంచీ కూలీల కథ. జైలు తర్వాత వచ్చి చేరింది.

1847లో మద్రాస్ ప్రెసిడెన్సీ కోర్టు "యావజ్జీవ ద్వీపాంతరం" అంటే మనిషిని ఎక్కడికి తీసుకెళ్లేవారు? ఇప్పటి మలేషియాలో ఉన్న పినాంగ్, మలక్కా, వాటి కింద సింగపూర్. లేదంటే బర్మా తీరంలో మౌల్మీన్. ఈ ఊర్ల పేర్లు మన పాఠాల్లో ఈ సందర్భంలో నాకెప్పుడూ కనబడలేదు.

ఇంగ్లండ్ అప్పటికే ఈ పని సొంత మనుషుల మీద చేసి చూసింది. తమ నేరస్తుల్ని అమెరికా వలసలకి తోలేది. అమెరికా తిరగబడి ఆ దారి మూసుకుపోయాక, 1787లో పదకొండు ఓడల్ని ఆస్ట్రేలియాకి పంపింది. సరిగ్గా అదే ఏడాది కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు బెంగాల్ ఖైదీల్ని సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కి పంపడం మొదలుపెట్టారు. అక్కడ కంపెనీకి మిరియాల వ్యాపారం ఉంది, కోట ఉంది, పనిచేసే చేతులు తక్కువ. 1786లో పినాంగ్ చేతికొచ్చింది. అడవి కొట్టాలి, రోడ్లు వేయాలి. అక్కడికీ ఖైదీలే. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్‌లో ఒక స్థావరం పెట్టాడు. తర్వాత దాన్ని ఉత్తరాన ఉన్న ఇంకో రేవుకి మార్చారు. జ్వరాలతో మనుషులు రాలిపోతుంటే 1796లో మూటాముల్లే సర్దేసి, మిగిలిన ఖైదీల్ని పినాంగ్‌కి తరలించారు. ఇది అండమాన్ మొదటి అంకం. ఆ తర్వాత అరవై ఏళ్లు ఆ దీవుల జోలికి పోలేదు.

మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే విషయం తెలిసిపోతుంది. శిక్ష ఎన్నేళ్లో కోర్టు చెప్పేది. ఎక్కడికి అన్నది మాత్రం ఎక్కడ మట్టి మోసేవాళ్లు కావాలో దాన్నిబట్టి తేలేది.

ఇక సముద్రం అంటే మనవాళ్లకి భయం అనే మాట. 1838లో మెకాలే సభ్యుడుగా ఉన్న జైళ్ల కమిటీ ఈ శిక్షని వెనకేసుకొచ్చింది ఈ కారణంతోనే. నల్ల నీళ్లు దాటడమంటే ఈ దేశంవాళ్లకి చెప్పలేనంత హడల్, కాబట్టి నేరాలు తగ్గుతాయి అని. కొందరి విషయంలో నిజమే అయ్యుండొచ్చు, సముద్రం దాటితే కులం పోతుందనే పట్టింపు ఉన్నవాళ్లకి. మా ఉత్తరాంధ్ర వైపు మాత్రం నాకు ఈ మాట అతకదు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడలు కట్టిన జాతి మనది. మా నాయనమ్మ నోట రంగూన్ ఎప్పుడూ "రంగం". ఊళ్లో ప్రతి మూడో ఇంట్లో "ఆయన రంగం వెళ్లాడు" అనే ముసలమ్మ ఉండేదట. కొందరు డబ్బుతో తిరిగొచ్చారు, కొందరు టేకు పెట్టెతో, కొందరు అసలు రాలేదు. బర్మాలో తెలుగువాళ్లందరికీ "కోరంగీలు" అనే పేరు పడింది. వీళ్లకి నీళ్లంటే భయమేముంటుంది? భయం ఉంటే అది తిరిగి రాలేకపోవడం గురించి. రంగం వెళ్లినవాడికి తిరుగు టికెట్టు మీద ఆశ ఉంటుంది, ద్వీపాంతరం పడ్డవాడికి ఉండదు. తేడా సముద్రంలో లేదు.

సింగపూర్ దగ్గర కాసేపు ఆగాలి.

మా చిన్నాన్న కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తాడు. రెండేళ్ల క్రితం వెళ్లినప్పుడు మెరీనా బే, సెంతోసా అన్నీ తిప్పాడు. ఆఖరి రోజు నేను సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌కి తీసుకెళ్లమన్నాను. "చర్చిలో ఏముందన్నా, ఇక్కడ షాపింగ్ ఉంది కదా" అన్నాడు. సిటీ హాల్ మెట్రో స్టేషన్ బయటికి రాగానే కనబడుతుంది, తెల్లగా, పొడుగ్గా. లోపలికెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టాను. నునుపు. చల్లదనం. వాడూ చెయ్యి పెట్టి, "ఇది మన పాత ఇంటి అరుగులా ఉందే" అన్నాడు.

ఉంటుంది మరి. ఆ చర్చిని 1856 నుంచి 1861 దాకా కట్టింది ఇండియా ఖైదీలు. ఆ పూతకి పేరే మద్రాస్ చునం, అంటే మన సున్నం గచ్చు. ఆ పనులు చూసిన ఇంజినీరు మెక్‌నైర్ తర్వాత దాని పద్ధతి రాసిపెట్టాడు. ఇసుక కలపని గుల్ల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముతక పంచదార. ఈ మూడూ కలిపి ముద్దగా కొట్టాలి. పలచన చేయడానికి కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు. పూశాక కాస్త గట్టిపడనిచ్చి, పలుగురాయితోనో నున్నటి రాయితోనో మెరుపు వచ్చేదాకా రుద్దాలి. గచ్చు చేసే మేస్త్రీని చూసినవాళ్లకి ఆ రుద్దడం ఎంత పనో తెలుసు. భుజం పోతుంది. మా వాడు ఫోన్లో లెక్కేయడం మొదలుపెట్టాడు, ఇంత గోడకి ఎన్ని గుడ్లు పట్టుంటాయో అని.

సింగపూర్‌కి మొదటి ఖైదీలు వచ్చింది 1825 ఏప్రిల్‌లో. బెంకూలెన్‌ని డచ్చివాళ్లకి ఇచ్చేయడంతో అక్కడున్నవాళ్లని ఇటు మళ్లించారు. మొదటి విడతలో దిగిన 80 మందీ మద్రాస్ నుంచి శిక్షపడి వచ్చినవాళ్లే. మద్రాస్ అంటే ఆ రోజుల్లో ఊరు కాదు, గంజాం నుంచి తిరునల్వేలి దాకా. వారం తర్వాత బెంగాల్ వాళ్లు వందమందికి పైగా వచ్చారు. ఆ మొదటి 80 మందిలో ఆడమనిషి ఒక్కతే. అప్పటికి రెండుసార్లు ఓడెక్కింది. ఒకసారి మద్రాస్ తీరం నుంచి సుమత్రాకి, మళ్లీ అక్కడినుంచి కొత్త ఊరికి, ఇద్దరు దొరలు కాగితం మీద దీవులు మార్చుకున్నారు కాబట్టి. చుట్టూ 79 మంది మగవాళ్లు. నేను ఈ ఉదంతం అంతటిలో ఎవరి గురించి ఎక్కువ ఆలోచించానంటే ఆమె గురించే.

అక్కడి పద్ధతి కూడా విచిత్రం. ఖైదీలకి కాపలా ఖైదీలే. బాగా మసలుకున్నవాడిని మేస్త్రీగానో కాపలాదారుగానో పైకి తీసుకొచ్చేవారు. మొత్తం ఆరు తరగతులు. ఇటుకలు కాల్చడం, కమ్మరం, వడ్రంగం, అచ్చుపని, ఆఖరికి ఫొటోగ్రఫీ కూడా నేర్పారు. ఊరి చివర పులులు మనుషుల్ని ఎత్తుకుపోతుంటే వాటిని చంపడానికీ ఖైదీల్నే పంపారు. రోడ్లు, వంతెనలు, గవర్నర్ బంగళా. అదే ఇవాళ సింగపూర్ అధ్యక్షుడి భవనం.

ఊరు తయారయ్యేదాకా అక్కడి దొరలకి, వర్తకులకి ఏ ఇబ్బందీ లేదు. తయారయ్యాక ఖైదీలు కంటగింపయ్యారు. మా ఊళ్లోకి ఇండియా దొంగల్ని తోలడమేంటి అని 1850ల్లో అర్జీలు పెట్టారు. 1867లో సింగపూర్, పినాంగ్, మలక్కా ఇండియా సర్కారు చేతిలోంచి పోయాయి. 1873 కల్లా ఖైదీల స్థావరం మూసేసి, మిగిలినవాళ్లలో చాలామందిని అండమాన్ పంపారు. ఇల్లు కట్టించుకుని, గృహప్రవేశం రోజున మేస్త్రీని వెనక గుమ్మం నుంచి పంపేసినట్టు.

మారిషస్‌ది ఇంకో ముచ్చట. అక్కడికి 1815 నుంచి ఇండియా ఖైదీల్ని రోడ్లు వేయడానికి తీసుకెళ్లారు. 1836లో ఆ దీవిలో ఆగిన చార్లెస్ డార్విన్ వీళ్లని చూసి ఆశ్చర్యపోయాడు. అప్పటికి సుమారు 800 మంది ఉన్నారని, ఇండియావాళ్లు ఇంత హుందాగా ఉంటారని అనుకోలేదని రాసుకున్నాడు. తెల్లటి మీసాలు, ముదురు రంగు ముఖాలు, చూడముచ్చటగా ఉన్నారట. ఆయన చూసే నాటికే, 1834 నుంచి, అదే దీవికి చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలు రావడం మొదలైంది. మన కోరంగి వైపు నుంచీ వెళ్లారు. బానిసత్వం రద్దయి కూలీల కోసం అల్లాడుతున్న తోటల యజమానులకి, ఇండియా మనిషి ఈ ఎండలో ఈ పని చేయగలడని ఇరవై ఏళ్లుగా కళ్లముందు చూపించింది ఈ ఖైదీలే. కూలీల ఓడకి ముందు ఖైదీల ఓడ నడిచింది. గిరిమిటియాల గురించి, అంటే ఆ ఒప్పంద కూలీల గురించి, ఇప్పుడు మనం గర్వంగా సభలు పెట్టుకుంటున్నాం. ముందు నడిచినవాళ్ల ఊసు ఎత్తం. దొంగలు కదా.

ఆ దొంగతనం ముఖానే ఉండేది, అక్షరాలా. గోద్నా అని, యావజ్జీవం పడ్డవాడి నుదుటి మీద పేరు, నేరం పచ్చబొట్టు పొడిచేవారు. ఓడ దిగి పారిపోయినా ముఖం పట్టిచ్చేస్తుంది. తలపాగా నుదుటి మీదికి లాక్కునేవారట. 1849లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

అప్పుడు 1857 వచ్చింది. ఒక్కసారిగా వేలమంది తిరుగుబాటు సిపాయిలు. వాళ్లని తీసుకోవడానికి సింగపూర్ వర్తకులు ఒప్పుకోరు. అరవై ఏళ్ల కింద వదిలేసిన అండమాన్ గుర్తొచ్చింది. ఆగ్రా జైలు చూసిన డాక్టర్ వాకర్ 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో దిగాడు. అడవి, వాన, జలగలు. పారిపోయినవాళ్లు అడవిలో ఆదివాసుల బాణాలకి పోయారు, లేదా ఆకలితో వెనక్కి వచ్చారు. వెనక్కి వచ్చినవాళ్లలో 80 మందికి పైగా మనుషుల్ని వాకర్ ఒకే రోజు ఉరి తీయించాడు. అతని పైవాళ్లే ఇది మరీ ఎక్కువని ఆపారు.

హైదరాబాద్ వాళ్లకి ఇక్కడ ఒక దగ్గరి మనిషి ఉన్నాడు. 1857 జూలై 17న కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లకి నాయకులు ఇద్దరు, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. తుర్రేబాజ్ ఖాన్‌కి ద్వీపాంతరమే వేశారు, కానీ ఓడ ఎక్కించేలోపే జైలు నుంచి తప్పించుకున్నాడు. తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. మౌల్వీ అల్లావుద్దీన్ అండమాన్ చేరి, అక్కడే కన్నుమూశాడు. ఆ రెసిడెన్సీలో తర్వాత ఆడపిల్లల కాలేజీ నడిచింది. మా అక్క అక్కడే చదివింది. మూడేళ్లూ ఆ మెట్లెక్కింది, ఈ పేర్లు ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నేను పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది ఆ ఊరి పేరు శ్రీవిజయపురంగా మార్చక ముందు. సెల్యులార్ జైలు చూశాను, లైట్ అండ్ సౌండ్ షో చూశాను. కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఒక్కొక్కడికీ ఒక్క గది, దాదాపు 690 గదులు. పక్కవాడి ముఖం కనబడకుండా ఒక వరస వీపు వైపు ఇంకో వరస. రోజుకి 30 పౌండ్ల కొబ్బరి నూనె గానుగాడి తీయాలి. తక్కువైతే దెబ్బలు. గానుగెద్దు అనే మాట మనం ఊరికే వాడేస్తుంటాం. అక్కడ ఎద్దు స్థానంలో డిగ్రీలు చదివిన బెంగాలీ కుర్రాళ్లు తిరిగారు. ఆ బాధని తక్కువ చేసేవాడు మనిషి కాడు.

మధ్య బురుజులో పాలరాతి పలకల మీద పేర్లున్నాయి, రాష్ట్రాల వారీగా. కొన్ని వందల పేర్లు. అండమాన్‌కి 1858 నుంచి మొత్తంమీద పంపిన ఖైదీలు సుమారు 80 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. నెట్‌లో తెలివైనవాళ్లు ఒక పని చేస్తున్నారు, ఆ 80 వేలనీ "స్వాతంత్ర్య సమరయోధులు" అని రాసేస్తున్నారు. లెక్క సరిపోయింది, గొడవ లేదు. నిజానికి వాళ్లలో అత్యధికులు హత్య, దోపిడీ కేసుల వాళ్లు. ఈ దీవుల్లో చెట్లు కొట్టి, చిత్తడి పూడ్చి, రేవు కట్టి, ఆఖరికి ఆ సెల్యులార్ జైలుని కూడా కట్టింది వాళ్లే. మెడలో చెక్క బిళ్ల, దాని మీద నంబరు, ఏ సెక్షను, ఎప్పుడు శిక్ష పడింది.

ఏళ్ల తరబడి కుదురుగా ఉంటే కొంత భూమి ఇచ్చి సాగు చేసుకోనిచ్చేవారు. అలాంటివాడు పెళ్లి చేసుకోవచ్చు, ఆడ ఖైదీల జైలు నుంచి. ఆ ఆడవాళ్లలో బిడ్డని చంపిన నేరం మీద వచ్చినవాళ్లు చాలామంది. మొగుడు పోయిన పిల్ల, కడుపొస్తే ఊరు బతకనివ్వదు. అలాంటి కేసులు. ఊళ్లో ఆ పరిస్థితికి తెచ్చినవాడు ఊళ్లోనే ఉండిపోయాడు, ఈమె ఓడెక్కింది. అక్కడ కొన్నేళ్లు పనిచేశాక, సర్కారు అనుమతితో ఒకడిని చేసుకుంటే జైలు బయట గుడిసె. ఆ సంసారాల పిల్లల్ని "లోకల్ బార్న్" అన్నారు, వాళ్ల వంశాలు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నాయి. ఇంట్లో తల్లిది ఒక భాష, తండ్రిది ఒకటి, కులాలు వేరు, మతాలు కూడా ఒక్కోసారి వేరు. అందరికీ కలిపి హిందుస్తానీ. వాళ్లు పూర్వీకుల శిక్ష గురించి దాచుకోరు, మనలాగా ముఖం తిప్పుకోరు.

ఇంకొకళ్ల మాట కూడా చెప్పాలి. ఆ నేల అసలువాళ్లు గ్రేట్ అండమానీలు. 1859 మేలో అబర్డీన్ దగ్గర స్థావరం మీదికి దాడికొచ్చారు. ఏడాదిగా వాళ్లతోనే ఉండి, వాళ్ల పిల్లనే చేసుకున్న దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే వచ్చి దొరలకి చెప్పేశాడు. అండమానీలు ఓడిపోయారు, తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఆ తర్వాత తట్టు, సుఖరోగాలు వాళ్లని ఊడ్చేశాయి. వేలల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు యాభై మందికి అటూ ఇటూ. మనం తీర్థంలా చూసే ఆ దీవుల్లో వాళ్లకి ఇది ఏ కథ?

ఇదంతా ఒక మిత్రుడికి చెబితే అడిగాడు, "అయితే హంతకుడికీ అల్లూరి మనిషికీ తేడా లేదంటావా?" అని. ఉంది. బోలెడు ఉంది. 1922-24 రంప తిరుగుబాటులో దొరికినవాళ్లని, అంతకుముందు ఏడాది మలబార్‌లో తిరగబడ్డ మాప్పిళ్ల ముస్లింలని అండమాన్ పంపారు. అండమాన్ పంపడం ఆపేయండి అని ఇంకో జైళ్ల కమిటీ అప్పటికే చెప్పి ఉన్నా పంపారు. రంప పోరాటంలో పట్టుబడి శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఆ మనిషినీ దారిదోపిడీ చేసినవాడినీ ఒకే గాటన కట్టమని నేననడం లేదు.

నేననేది వేరు. తిరగబడినవాడిని దొంగ అన్నదీ ఆ సర్కారే, ఆకలికి ధాన్యం బండి కొట్టినవాడిని దొంగ అన్నదీ ఆ సర్కారే. మొదటి దాంట్లో ఆ మాట నమ్మం, రెండో దాంట్లో కళ్లు మూసుకుని నమ్ముతాం. 1832-33లో నందన కరువుకి గుంటూరు సీమ ఖాళీ అయిపోయింది. ఆ రోజుల్లో దోపిడీ కేసులో ఓడెక్కినవాడు ఎవడై ఉంటాడు? అందరూ అమాయకులని కాదు. కొందరు ఘోరమైన పనులు చేసే వెళ్లారు. అయినా వాళ్ల కూలీ కూడా ఎగ్గొట్టిందే కదా, వాళ్ల గోడ కూడా నిలబడే ఉంది కదా.

మనం స్వతంత్రులమయ్యాక కూడా ఈ శిక్ష పుస్తకంలోంచి పోలేదు. శిక్షాస్మృతిలో ఉన్న "ద్వీపాంతరం" అనే మాట తీసేసి "జీవిత ఖైదు" అని పెట్టింది 1955 చట్టం, అమల్లోకి వచ్చింది 1956 జనవరి 1న. అప్పటిదాకా మన జడ్జీలు దీవి లేని ద్వీపాంతరం వేస్తూనే ఉన్నారు.

గ్రూపు సంగతి. ఆ పోస్టు పెట్టేవాడు మంచివాడే, నా బెంచీమేటే. వారం తర్వాత ఫోన్ చేశాడు. "నువ్వన్నది చూశాన్రా, నిజమే, వచ్చే ఏడాదికి మార్చేస్తాను, కరెక్టుగా ఏం రాయాలో చెప్పు" అన్నాడు. అప్పట్లో మద్రాస్ ఖైదీల్ని పినాంగ్, సింగపూర్, మౌల్మీన్ వైపు పంపేవారు, ఆ మాట రాసి ఆపెయ్ అన్నాను. అప్పటికప్పుడే మార్చి నాకు పంపాడు. రాత అంతా సరిగ్గా ఉంది. కింద ఫొటో సెల్యులార్ జైలుది.

"ఫొటో కూడా మార్చరా" అన్నాను.

"మరి వేరే ఏం పెట్టమంటావ్?" అన్నాడు. కెథడ్రల్ గోడ ఫొటో పంపించాను. "ఇదేంట్రా, తెల్లగోడ" అని అడిగాడు. ఇంకా జవాబు టైప్ చేస్తున్నాను.